పదిహేడో స్తంభం ఇల్లు

కల్లూరు బస్టాండులో ఖమ్మం బస్సు ఇంకా కదలనే లేదు. నా పక్క సీట్లో ఒకాయన మిరప విత్తనాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి. ఫోను మాట్లాడి పెట్టేసి, ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేనట్టు నా వైపు తిరిగాడు.

"పసుపు రేకుల పెద్దాయన పోయాడంట మేడం. పొద్దున్నే."

"ఏ పసుపు రేకులు?" అన్నాను, తెలిసి కూడా.

"అదేనండీ, ఈ ఇంట్లో ఫలానా వాళ్లు పుట్టారని ఇళ్లకు రేకులు కొడతాడు గదా. సారపాక రోడ్డులో ఎక్కడో ఉంటదంట ఆ ఊరు. మాది ఎర్రుపాలెం పక్కన. మా వైపు కూడా ఎవరింటికో కొట్టాడని చెప్పుకుంటారు."

"మీరు ఆయన్ని చూశారా?"

"లేదండీ. వినటమే."

చూడలేదు, విన్నాడంతే! అయ్యో అని ఏడవాల్సిన దాన్ని, ఒళ్లంతా పులకరించి సీట్లోంచి లేచి నిలబడ్డాను. ఆయన పెట్టుకున్న నియమం ప్రకారం చూస్తే ఆయనకే రేకు కొట్టాలి! కండక్టరు విసుక్కుంటున్నా బస్సు దిగేశాను. ఇంటికి పరుగెత్తి, బీరువా వెనక పాత చీరలో చుట్టి దాచిన పసుపు రేకు ఒకటి తీసి సంచిలో వేసుకుని కొత్తగూడెం బస్సెక్కాను. దారి పొడుగునా కిటికీలోంచి చూశానే గానీ నాకు కనిపించింది ఆయనే.

ఆయన ఊరు కొత్తగూడెం దాటాక వస్తుంది. పల్లె అంటే పల్లె కాదు, టౌనంటే టౌను కాదు. ఒక పక్క బొగ్గుబాయి పనికి పోయేవాళ్ల ఇళ్లు, ఇంకో పక్క పొలాలు, పొలాలు దాటితే అడవి. నడిమధ్య రోడ్డు మీద పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర మోసుకుపోయే లారీలు. కొన్నేళ్ల కిందట అక్కడి హైస్కూలుకు తెలుగు టీచరుగా వెళ్లాను. మాది మధిర వైపు కాబట్టి నా మాట విని పిల్లలు మొదటి వారం నవ్వుకున్నారు. ఒక పాత పెంకుటింట్లో వెనక భాగం కిరాయికి దొరికింది. ఒక గది, దాని వెనక వసారా. వసారా మూలలో పొయ్యి పెట్టుకున్నాను. సామాను దించిన రోజే, క్యాలెండరు తగిలిద్దామని గోడకు మేకు ఆనించి సుత్తి ఎత్తానో లేదో వీధిలోంచి ఒక కేక.

"మేడం! ఆగుండ్రి మేడం! కొట్టకుండ్రి!"

ఇల్లు అంటుకుందేమో అనుకున్నాను. ఖాకీ ప్యాంటు వేసుకున్న మనిషి ఒకాయన సైకిలు రోడ్డు మీదే పడేసి రొప్పుతూ లోపలికి వచ్చాడు.

"ఆ గోడ ఏం గోడ అనుకున్నరు? డాక్టరమ్మ పుట్టిన ఇల్లు మేడం ఇది! దీనికి మేకు కొడ్తరా ఎవరన్న?"

"క్యాలెండరుకండీ."

"ఇటియ్యుండ్రి." జేబులోంచి రాగి తీగ ముక్క తీసి క్యాలెండరును కిటికీ ఊచకు కట్టేశాడు. ఆ కట్టు నేను ఇల్లు ఖాళీ చేసేదాకా ఊడలేదు. తర్వాత నన్ను వీధిలోకి లాక్కుపోయినంత పని చేసి, ముందు గది గోడకున్న పసుపు రేకు చూపించాడు. నల్లటి అక్షరాలు, 'ఈ ఇంట్ల పుట్టిండ్రు' అని, కింద డాక్టరమ్మ పేరు.

"మరి దీనికి మేకు కొట్టలేదా?" అన్నాను, నా నోరు ఊరుకోక.

ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత పకపకా నవ్వాడు. "అది గోడకు బొట్టు మేడం. బొట్టుకు దోషం లేదు."

అదీ మా పరిచయం. అప్పటి నుంచి ఆయన నాకు అన్న. కరెంటు ఆఫీసులో లైన్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. ఊళ్లో ఆయన ఎక్కని స్తంభం లేదు. అందుకే ఇళ్లను స్తంభం నంబర్లతో పిలిచేవాడు. నేను ఉన్నది పదిహేడో స్తంభం ఇల్లు. స్కూలు ముప్పై ఒకటి. ఆ నంబర్లు వేసిన పసుపు రంగే రేకులకూ వేసేవాడు. గోళ్ల సందుల్లో ఆ రంగు ఎప్పుడూ ఉండేది. రోజూ సాయంత్రం టీకి వచ్చి వసారాలో పొయ్యి పక్కన ఆ మూలకే ఆనుకుని నిలబడేవాడు. కుర్చీ వేస్తే కూర్చోడు. "స్తంభం మీద కుర్చీ ఉంటదా మేడం? నిలబడుడే అలవాటు" అనేవాడు. రేకు మీద 'జన్మించారు' అని రాయమని తెలుగు టీచరుగా పోరు పెట్టాను. "పుట్టిండ్రు అంటేనే ఏడుపు ఇనవడ్తది మేడం, జన్మించారంటే ఏం ఇనవడ్తది?" అన్నాడు.

ఇక ఆయన నియమం. ఎవరు గొప్పవాళ్లో, ఎవరింటికి రేకు కొట్టాలో తేల్చడానికి పుస్తకాలు చూడడు, పెద్దమనుషుల్ని అడగడు. "మూడు ఊర్ల అవతల మనల్ని సూడనోడు మన ముచ్చట చెప్పాలె. గప్పుడే గొప్పోడు." అంతే. పరీక్ష పెట్టడానికి బస్సెక్కేవాడు!

ఒక ఆదివారం నన్నూ వెంటబెట్టుకుపోయాడు. మా వీధిలోనే పుట్టిన కబడ్డీ ఆటగాడి విషయం ఆ రోజు తేలాలి. సారపాక మిల్లు గేటు ఎదుట టీ కొట్టు. షిఫ్టు దిగిన కాంట్రాక్టు కూలీలు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఈయన సరాసరి వెళ్లి, నమస్తే లేదు ఏమీ లేదు, "కబడ్డీల కూత ఆపకుండ ముగ్గుర్ని ముట్టొచ్చే ఎడమ చేతి ఆయన ఎవరు?" అని అడిగాడు.

వాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఆయన ముఖం వాడిపోవడం మొదలైంది. నాకే జాలేసింది. అప్పుడు టీ పోసే అతను కెటిల్ దించకుండానే ఆ పేరు చెప్పాడు.

"సూసినవా ఆయన్ని?"

"యాడ సూస్తనే, మా నాయన చెప్తుండె."

ఇక చూడాలి! నా చేతిలో టీ గ్లాసు ఉందని కూడా చూడకుండా నా భుజం పట్టి ఊపేశాడు. "దొరికిండు మేడం! దొరికిండు!" టీ అంతా నా చీర మీదే. నేను తిట్టాను. ఆయన వినలేదు. బస్సులో కండక్టరుకు చెప్పాడు, దిగాక ఆటోవాళ్లకు చెప్పాడు, వీధి మొదట్లో నుంచే "దొరికిండు" అని అరుచుకుంటూ వచ్చాడు. చీకటి పడకముందే రేకు గోడకెక్కింది.

ఆయన ఇల్లు ఊరి చివర. రేకుల కప్పు, రెండు గదులు. పెళ్లాం పోయాక తోడబుట్టిన అక్కే వండిపెట్టేది. గడప దగ్గర చేటలో బియ్యం పెట్టుకుని కూర్చుని, తమ్ముడు బయలుదేరితే చాలు మొదలుపెట్టేది. "ఊరందరి పుట్టుడు నీకెందుకురా? అన్నం తినిపోరాదు." ఆయన తినేవాడు కాదు. "మరి మీరెక్కడ పుట్టారు అన్నా?" అని నేనొకసారి అడిగితే, "నేనా? స్తంభం మీద పుట్టిన" అని నవ్వి సైకిలెక్కేశాడు. అక్క తల ఎత్తి ఆయన పోయిన వైపు చూసింది, మళ్లీ బియ్యంలో రాళ్లేరుకుంది. నేనూ అక్కడితో మర్చిపోయాను.

అసలు కథ డాక్టరమ్మ ఇంటిది. డాక్టరమ్మంటే ఆ వైపు నుంచి చదివి డాక్టరైన మొదటి ఆడపిల్ల. వాగు పొంగి జీపు ఆగితే దిగి నడిచి, అడవి అంచు ఊళ్లలో కాన్పులు చేసిన మనిషి. నేను ఆ ఊరు వెళ్లేసరికే పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఇంటివాళ్లు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయారు. కొనుక్కున్నది ఎరువుల దుకాణం సేటు. ఆయనకు ఆ పాత పెంకుటిల్లు పడగొట్టి రోడ్డు మీదికి షట్టర్లు కట్టాలని ఉంది. మా అన్నకు కనీసం ముందు గదైనా నిలపాలని, అందులో ఆడపిల్లలు కూర్చుని చదువుకునే గది పెట్టాలని ఉంది. మూడేళ్లు సేటు చుట్టూ తిరిగాడు. పొద్దున దుకాణం తెరిచేసరికి అక్కడ, సాయంత్రం మూసేసరికి అక్కడ. చివరికి సేటే చేతులెత్తేశాడు.

"సరే అన్నా, డాక్టరమ్మ పుట్టిన గది గద, ముట్టుకోను. నలుగురిని పిలిచి ఫంక్షన్ చెయ్యి. అందరి ముందర మాటిస్త."

ఆ మాట విన్న రోజు మా అన్న నేల మీద నడవలేదు. ఫంక్షన్ ఆదివారం పొద్దున. టెంటు చెప్పాం, కుర్చీలు చెప్పాం. మా స్కూలు ఆడపిల్లలకు పాట నేర్పాను. గురువారం సంతలో ఇద్దరం తిరిగి కనిపించిన వాళ్లనల్లా పిలుస్తున్నాం. మోదుగాకుల విస్తర్లు అమ్మే ముసలవ్వ ఒకామె ఉంది. అడవి పక్క పల్లె నుంచి వస్తుంది.

"ఆదివారం రావాలె అవ్వా. డాక్టరమ్మ పుట్టిన ఇంటి కాడ ఫంక్షన్."

"ఏ డాక్టరమ్మ?"

"ఇంకెవరు, మన డాక్టరమ్మనే. పెంకుటిల్లు లేదా, పదిహేడో స్తంభం కాడ."

అవ్వ కట్ట కట్టడం ఆపింది. "ఆమె ఆడెందుకు పుడ్తది?"

"ఏందవ్వా?"

"తొలిచూలు గదనయ్యా. తొలిచూలు అత్తగారింట్ల కంటరా ఎవలన్న? ఏడో నెల పడంగనే వాళ్లమ్మను బండి కట్టి మా ఊరికి తోల్కొచ్చిండ్రు. వాళ్ల తల్లిగారిది మా ఊరే. మా ఊర్లనే పుట్టింది. నేను ఇంతంత పిల్లను. నీళ్లు కాగబెట్టిన."

మా అన్న ఆ విస్తర్ల కట్టల పక్కనే కూలబడ్డాడు. ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి. "మీ ఊరికి బస్సెప్పుడు?" అన్నాడు.

శుక్రవారం ఆ ఊరు పోయాడు. సాయంత్రం నేను పొయ్యి ముట్టిస్తుంటే వసారాలోకి ఊడిపడ్డాడు. ఏడుస్తూ వస్తాడనుకున్నాను. ఆ ముఖం వెలిగిపోతోంది!

"తప్పైంది మేడం! మొత్తం తప్పైంది!"

"అంత సంతోషమేంటి మీకు?"

"పుట్టిన ఇల్లు దొరికింది మేడం! సగం కూలింది గని ఉన్నది. ఆ అవ్వ పొయ్యి ఏడున్నదో చూపెట్టింది, మంచమేడ ఏసిండ్రో చూపెట్టింది. నేనెంత పిచ్చోన్ని! ఇన్నేండ్లు మగోళ్లను అడిగిన మేడం, మగోళ్లను! బిడ్డ పుట్టేటప్పుడు మగోళ్లు ఏడుంటరు? బయట అరుగు మీద బీడీ తాగుతుంటరు. వాళ్లకేమెరుక? ఏ ఇల్లంటే తండ్రి ఇల్లు చూపెట్టిండ్రు. నేను రేకు కొట్టిన. అన్ని రేకులు మళ్ల చూడాలె మేడం, అన్ని!"

ఎల్లుండే ఫంక్షన్! అప్పుడు నేను అన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయాలి. "అన్నా, మీకు దండం పెడతాను. ఆదివారం దాటనివ్వండి. సేటు అందరి ముందూ మాట ఇవ్వనీ. తర్వాత చెబుదురు గాని. గది నిలబడుతుంది, పిల్లలు చదువుకుంటారు. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన నా వైపు తిరిగి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదే నన్ను ఇంకా చంపింది.

"మేడం, లైను తప్పు కలిపి ఎవరికి తెల్వదనుకుంటే ఎట్ల? ఎవడో ఒకడు ముట్టుకుంటడు."

"గది పోతుంది అన్నా."

"అవ్. పోతది." గోడ మూలకు ఆనుకుని, టీ తాగకుండానే కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

ఆదివారం అందరూ వచ్చారు. విస్తర్ల అవ్వను ఆయనే ఆటోలో తెచ్చి ముందు వరుసలో, సేటు పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. పిల్లల పాట కాగానే మైకు లాక్కున్నాడు.

"నేను ఊరందరిని తప్పు తొవ్వ పట్టించిన. డాక్టరమ్మ ఈ ఇంట్ల పుట్టలే. పెరిగింది ఈడ. పుట్టింది ఈ అవ్వోళ్ల ఊర్ల. ఈ అవ్వ నీళ్లు కాగబెట్టింది. సప్పట్లు కొట్టుండ్రి!"

జనం మొదట నివ్వెరపోయారు. తర్వాత ఎవరో నవ్వారు, తర్వాత నిజంగానే చప్పట్లు కొట్టారు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది. సేటు మాత్రం లేచి నిలబడ్డాడు.

"అన్నా, మరి నేను గది ఎందుకుంచాలె?"

"పెరిగిన ఇల్లు గూడ ఇల్లే గదా సేటూ."

"నువ్వు పుట్టిన ఇల్లంటివి గదా."

మా అన్న మైకు కింద పెట్టేశాడు. సేటు చెడ్డవాడు కాదు, తాను ఇచ్చిన మాటకే కట్టుబడ్డాడు. ఆ నెల తిరగకముందే నేను వేరే ఇల్లు చూసుకున్నాను, పెంకులు దించారు. గోడలు పడే రోజు మా అన్న పొద్దున్నే వచ్చి రేకు తనే ఊడదీశాడు. రోడ్డు పక్క కూర్చుని డాక్టరమ్మ పేరు మీద పసుపు రంగు వేశాడు. పై వరస మాత్రం ఉంచాడు. 'ఈ ఇంట్ల పుట్టిండ్రు.' కింద ఖాళీ.

"ఇది మీ కాడ ఉంచుండ్రి మేడం. ఇంత పాత ఇల్లు, ఎవరో ఒకరు గొప్పోళ్లు పుట్టకుండ ఉంటరా? దొరికినంక రాద్దాం."

"ఇల్లే లేదు, ఇంకెవరికి కొడతారు?" అన్నాను కోపంగా. ఆ కోపం ఆయన మీద కాదు.

"ఇల్లు లేకపోతే పుట్టుడు లేకుండ పోతదా మేడం?"

ఆ తర్వాత ఆయన చేసిన హంగామా అంతా ఇంతా కాదు. ఊళ్లో ఉన్న ప్రతి రేకూ మళ్లీ విచారణకు వచ్చింది. ఈసారి సైకిలు అరుగుల దగ్గర ఆగలేదు. బోరింగుల దగ్గర, బట్టలుతికే బండల దగ్గర, పెద్ద ముసలమ్మల మంచాల పక్కన ఆగింది. "తొలిచూలా, మలిచూలా?" అదే ఆయన ప్రశ్న. ముసలమ్మలు మొదట బూతులు తిట్టారు, తర్వాత ఆయన కోసం ఎదురుచూశారు. కబడ్డీ ఆటగాడి సంగతి తేలిన రోజు వీధంతా ఇళ్లల్లోంచి బయటికొచ్చింది. "మూడోవాడు మేడం! మూడోవాడు! ఈడనే పుట్టిండు, తీసేది లేదు!" అని స్కూలు కిటికీలోంచి అరిచాడు. నేను క్లాసు చెబుతున్నాను. పిల్లలు బల్లలు చరిచారు. హెడ్మాస్టరుగారు నాకు మెమో ఇవ్వబోయి ఆయనా నవ్వేశారు. పహిల్వాన్ ఒకాయన మాత్రం తొలిచూలని తేలింది. తల్లిగారి ఊరు ఎర్రుపాలెం అవతల అని తెలియగానే రేకు, సుత్తి సంచిలో వేసుకుని జిల్లా ఈ కొస నుంచి ఆ కొసకు పోయి అక్కడ కొట్టి వచ్చాడు. వాళ్లు అన్నం పెట్టారట, శాలువా కప్పారట. అది మెడకు చుట్టుకునే వారం రోజులు తిరిగాడు. డాక్టరమ్మ కొత్త రేకు అవ్వ వాళ్ల ఊళ్లో, కూలగా మిగిలిన గోడకు ఎక్కింది. "ఈడ కాదు, ఆడ. ఆడ కాదు, ఇంత కిందికి" అని అవ్వ చెబుతుంటే, ఎన్నో స్తంభాలెక్కిన మనిషి బుద్ధిగా విన్నాడు. నేను చూశాను.

తర్వాత నాకు కల్లూరు బదిలీ అయింది. ఫోన్లో మాత్రం కలుస్తూనే ఉండేవాళ్లం. ఎత్తగానే "దొరికిండు మేడం!" అని మొదలుపెట్టేవాడు. ఎవరో చెప్పేలోపే సిగ్నలు పోయేది.

ఇదీ ఆయన. అందుకే బస్సులో ఆ మిరప విత్తనాల ఆయన మాట విని అలా లేచి నిలబడ్డాను. మూడు ఊళ్లు కాదు, ముప్పై ఊళ్ల అవతల, చూడనివాడు చెప్పాడు.

నేను చేరేసరికి శవాన్ని ఎత్తబోతున్నారు. ఖాకీ ప్యాంటు మీదే తెల్లగుడ్డ కప్పారు. గోళ్లల్లో పసుపు రంగు అలాగే ఉంది. అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు ఆ రంగు చూడగానే తన్నుకొచ్చింది. డప్పులతో మగవాళ్లంతా వెంట కదిలారు. ఆడవాళ్లం ఇంటి దగ్గర ఉండిపోయాం. వాకిలి కడిగారు. అక్క గడప దగ్గర, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. చేట లేదు.

సంచిలోంచి రేకు తీశాను. ఈ గోడకే కొడదాం అనుకుని వచ్చాను కదా. సుత్తి కోసం అటూ ఇటూ చూసి ఆగిపోయాను. మగవాళ్లను అడిగితే తప్పైపోతుందని నాకు నేర్పింది ఎవరు? నేను మాత్రం ఎవర్నీ అడగకుండానే కొట్టబోతున్నాను! అక్క పక్కన చతికిలబడ్డాను.

"అక్కా, అన్న ఈ ఇంట్లోనేనా పుట్టింది?"

"ఈ ఇల్లా? ఇది వాడు నౌకరి జేసినంక కట్టిండు."

"మరెక్కడ?"

"నన్ను అమ్మమ్మోళ్ల ఊర్ల కన్నది మా అమ్మ. నేను తొలిచూలు. వాడు నా ఎనక. వాని కాన్పుకు ఎవలు తోల్కపోతరు? పనిజేసే కాడనే నొప్పులొచ్చినయ్. మా అమ్మ డాక్టరమ్మోళ్లింట్ల అంట్లు తోమేది బిడ్డా. ఎనక వసారాల కన్నది. నువ్వు పొయ్యి పెట్టుకున్నవు సూడు, ఆ మూలకు."

నా చేతిలోంచి రేకు కింద పడింది. ఆ మూల! మూడేళ్లు రోజూ సాయంత్రం ఆనుకుని నిలబడ్డ మూల! కూర్చోమంటే కూర్చోకుండా!

"ఆయనకు తెలుసా?"

"తెల్వదు."

"ఆ ఇంటి కోసం ఆయన అంత తిరుగుతుంటే ఒక్క మాట చెప్పలేకపోయావా అక్కా!" అరిచేశాను. చావింట్లో ఉన్నానన్న ధ్యాస కూడా లేదు.

"గొప్పోళ్లు పుట్టిన ఇల్లు అనుకుంట తిరుగుతుండె. అంట్లు తోమినోళ్ల ముచ్చట ఆడ ఎట్ల చెప్పాలె బిడ్డా? వాడు అడిగితె చెప్పకపోదునా?" కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఊర్ల ముసలమ్మలందర్ని అడిగిండు. నన్నొక్కదాన్ని అడగలే."

తన పుట్టుక గురించి కూడా అడగాల్సిందని ఆయనకు తట్టనే లేదు. ఇద్దరం ఒకరి మీద ఒకరం పడి ఏడ్చాం. ఏడుస్తూనే నేను లేచాను. అక్క నా వైపు చూసి, రేకు వైపు చూసి, అర్థమై మంచం కిందికి వేలు చూపించింది. "ఆడ డబ్బా ఉంది. నల్లరంగు, కుంచె అండ్లనే ఉంటయ్. జల్దీ పో."

పరుగెత్తాను. యాభై దాటిన టీచరమ్మ చేతిలో రంగు డబ్బా, చంకలో రేకు, వీధంతా చూస్తుండగా పరుగెత్తాను. పదిహేడో స్తంభం అలాగే ఉంది, ఆయన వేసిన నంబరుతో. పెంకుటిల్లు ఉన్న చోట నాలుగు షట్టర్లు. సేటు శవయాత్రకు కొంత దూరం వెళ్లి వచ్చినట్టున్నాడు, తల తడి ఆరలేదు. షట్టరు సగం దించి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మళ్ల రేకా మేడం?" అన్నాడు నీరసంగా. "ఇప్పుడు ఎవరు పుట్టిండ్రని?"

చెప్పాను. ఎక్కడో చెప్పాను, ఎవరు చెప్పారో చెప్పాను.

సేటు ముఖం పాలిపోయింది. "మూడేండ్లు తిరిగిండు నా ఎంట. ఒక్కసారన్న అనలే."

"ఆయనకే తెలియదు సేటూ."

"పుట్టిన ఇల్లయితే ముట్టుకోనని మాటిచ్చిన మేడం నేను." లోపలికి పోయి సుత్తి, మేకులు తెచ్చి నా చేతికిచ్చి, తన స్టూలు తనే మోసుకొచ్చి రెండో షట్టరుకూ మూడో షట్టరుకూ మధ్య గోడ కింద వేసి, కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.

రేకు మీద ఖాళీ వరసలో ఆయన పేరు రాశాను. నా అక్షరాలు వంకర పోయాయి. ఆయనైతే ఒప్పుకునేవాడు కాదు. మేకు మీద మేకు కొట్టి రేకు బిగించాను. మిల్లుకు పోయే లారీ ఒకటి నెమ్మదించింది, డ్రైవరు తల బయటపెట్టి చదివాడు. నేను స్టూలు మీదే వెనక్కి తిరిగి, పదిహేడో స్తంభం వైపు చూస్తూ, ఆయన అరిచినట్టే వీధి అదిరేలా అరిచాను.

"దొరికిండు అన్నా! దొరికిండు!"